గుండె మెట్రో ఎక్కకముందు: అవయవదానం పెరగడానికి అసలు పని ఎక్కడ జరుగుతుంది

2021 ఫిబ్రవరి 2న హైదరాబాద్‌లో ఒక మెట్రో రైలు నాగోలు నుంచి జూబ్లీహిల్స్ దాకా 21 కిలోమీటర్లు మధ్యలో ఎక్కడా ఆగకుండా పోయింది. ఒక పెట్టెలో నల్లగొండ జిల్లా రైతు ఒకరి గుండె ఉంది. ఎల్బీనగర్‌లోని ఆసుపత్రిలో ఆయన బ్రెయిన్‌డెడ్ అయ్యారు, ఇంట్లోవాళ్లు అవయవదానానికి ఒప్పుకున్నారు, అవతల ఇంకో ఆసుపత్రిలో గుండె కోసం ఒక మనిషి ఆపరేషన్ టేబుల్ మీద ఉన్నారు. టీవీల్లో రోజంతా అదే నడిచింది. చూడటానికి ఉద్వేగంగా ఉండేది ఆ అరగంటే కాబట్టి చాలామందికి అవయవదానం అంటే గ్రీన్ ఛానల్ (ట్రాఫిక్ ఆపి ఇచ్చే దారి), సైరన్, పరుగులే గుర్తొస్తాయి.

నిజానికి ఆ అరగంట మొత్తం కథలో చిన్న ముక్క. పెట్టె రైలెక్కే ముందు ఐసీయూలో ఒకరు సమయానికి ఫోన్ చేయాలి, నలుగురు డాక్టర్లు సంతకం పెట్టాలి, ఆ కుటుంబంతో ఒక మనిషి గంటల తరబడి కూర్చోవాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా రైలు కదలదు. ఈ పనులను ఒక బాధ్యతగా, ఒక ఉద్యోగంగా చేసే సంస్థలే అవయవ సేకరణ సంస్థలు. అవి ఉన్నచోట దానాలు ఎందుకు పెరుగుతాయి, మన దగ్గర ఆ పని ఎవరు చేస్తున్నారు అన్నదే ఇక్కడి విషయం.

క్లుప్తంగా

అవయవదానం తక్కువగా ఉండటానికి జనం మనసు ఇరుకు కావడం ఒక్కటే కారణం కాదు. దానానికి వీలున్న మరణాలు ఆసుపత్రిలోనే ఎవరి కంటా పడకుండా పోవడం పెద్ద కారణం. అమెరికాలో ఈ పనికి ప్రత్యేక సంస్థలున్నాయి, స్పెయిన్‌లో ఐసీయూ డాక్టర్లే చేస్తారు, తెలంగాణలో నిమ్స్ నుంచి నడిచే జీవన్‌దాన్ అనే ప్రభుత్వ కార్యక్రమం చేస్తుంది. నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి దాతల కుటుంబాలు వస్తున్నా, ఆ పని మాత్రం ఎక్కువగా హైదరాబాద్ ఆసుపత్రుల్లోనే జరుగుతోంది. 2025లో రాష్ట్రం కొత్త చట్టాన్ని తీసుకున్నాక జిల్లాల్లో కూడా ఇది మారడానికి దారి ఏర్పడింది.

ఎక్కడ జారిపోతుంది

చనిపోయిన ప్రతి మనిషి అవయవాలూ పనికిరావు. గుండె ఆగాక కళ్లను ఆరు గంటల్లోపు తీసుకోవచ్చు, చర్మం లాంటివి కూడా తీసుకోవచ్చు. గుండె, కాలేయం, ఊపిరితిత్తులు, కిడ్నీలు కావాలంటే మాత్రం మన దగ్గర దాదాపు ఎప్పుడూ మెదడు పూర్తిగా చచ్చిపోయి, వెంటిలేటర్ వల్ల మిగతా ఒంట్లో రక్తం ఇంకా తిరుగుతూ ఉండాలి. అంటే ఆ మరణం ఐసీయూలోనే జరగాలి. తలకు పెద్ద దెబ్బ తగిలినవాళ్లు, మెదడులో రక్తనాళం చిట్లినవాళ్లు, ఇట్లాంటి కొద్దిమందిలోనే అది సాధ్యం.

అసలే కొద్దిమంది. వాళ్లలోనూ ఒక్కో మెట్టు దగ్గర కొందరు జారిపోతారు. విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ దగ్గరో చిట్యాల దగ్గరో బైకు మీద పోతున్న మనిషికి తలకు దెబ్బ తగిలింది అనుకుందాం. మొదట దగ్గరి ఆసుపత్రి, అక్కడి నుంచి అంబులెన్స్‌లో ఎల్బీనగర్ వైపు. జడ్చర్ల, కొత్తకోట వైపు అయితే 44వ నంబరు హైవే మీదుగా శంషాబాద్ దాటి సిటీలోకి. రెండు మూడు రోజులు వెంటిలేటర్ మీద ఉంచుతారు. మూడో నాడు డాక్టరు "ఇక లాభం లేదు" అంటాడు. ఇక్కడే అసలు మలుపు. మన పల్లెల్లో ఆ మాట వినగానే చాలా కుటుంబాలు చేసేది ఒక్కటే: "ఇంటికి తీసుకపోతం సార్, ఊపిరి ఇంట్ల పోనియ్యాలె." సంతకం పెడతారు, చేతితో ఊపిరి పంపు చేసే సంచి ఒకటి పట్టుకుని అంబులెన్స్ ఎక్కుతారు. ఆ మనిషి బ్రెయిన్‌డెడ్ అయ్యాడా లేదా అని ఎవరూ పరీక్ష చేయలేదు, ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఏ లెక్కలోనూ అది 'కాదన్న' కుటుంబం కాదు, ఎందుకంటే అడిగిందే లేదు.

ఆసుపత్రి వైపు నుంచి చూస్తే, పరీక్ష చేయకపోవడానికి కారణాలు చాలానే ఉన్నాయి. ఐసీయూ డాక్టరు చేతిలో బతికే అవకాశమున్న పేషెంట్లు ఇంకో పదిమంది ఉంటారు. మన చట్టం బ్రెయిన్‌డెత్‌ను అవయవదానం సందర్భంలోనే నిర్వచించింది కాబట్టి, ఒకసారి ప్రకటించాక కుటుంబం దానానికి ఒప్పుకోకపోతే వెంటిలేటర్ తీయాలా ఉంచాలా అన్నది డాక్టర్‌కు టెన్షన్. అవయవ మార్పిడి లైసెన్సు లేని ఆసుపత్రికైతే ఇదంతా చేసినందుకు వచ్చేదీ ఏమీ లేదు, చేయకపోతే పోయేదీ లేదు. తిట్టేవాళ్లు లేరు, అడిగేవాళ్లు లేరు.

అమెరికా దీన్ని ఎట్లా విడగొట్టింది

అమెరికాలో 1984లో అవయవ మార్పిడి చట్టం వచ్చాక ఈ పనిని ఆసుపత్రి నుంచి విడదీశారు. దేశాన్ని ప్రాంతాలుగా విభజించి ఒక్కో ప్రాంతానికి ఒక్కో లాభాపేక్ష లేని సంస్థను పెట్టారు. ఇట్లాంటివి యాభైకి పైగా ఉన్నాయి. ఆ ప్రాంతంలో దానానికి వీలున్న ప్రతి మరణం దగ్గరికీ పోవడం వాళ్ల పని. వైద్యం చేసే డాక్టరు వేరు, అవయవం గురించి మాట్లాడే మనిషి వేరు, అవయవం పొందే పేషెంటును చూసే టీమ్ ఇంకా వేరు. పైకి ఆఫీసు ఏర్పాటులా కనిపించినా, కుటుంబానికి వచ్చే మొదటి అనుమానం అంతా ఈ దూరం మీదే ఆధారపడి ఉంటుంది: "మావాణ్ని బతికించే ప్రయత్నం నిజంగా చేశారా, లేక కిడ్నీల కోసం వదిలేశారా?"

అయినా మొదట్లో పెద్దగా పెరగలేదు. సంస్థ ఉంది, కానీ ఆసుపత్రి ఫోన్ చేస్తేనే కదా దానికి తెలిసేది. 1994లో పెన్సిల్వేనియా రాష్ట్రం ఒక చట్టం చేసి ఆసుపత్రిలో జరిగే ప్రతి మరణాన్నీ సేకరణ సంస్థకు తెలపాల్సిందే అంది. పనికొస్తుందా రాదా అని ఆసుపత్రి తేల్చకూడదు, ఫోన్ చేయడం వరకే దాని పని. 1998లో కేంద్ర ప్రభుత్వం అదే పద్ధతిని దేశమంతటికీ నిబంధనగా పెట్టింది. పేషెంటు కోమా స్థాయి ఫలానా అంకె కిందికి పడితే, లేదా వెంటిలేటర్ తీసే మాట వస్తే, తీయకముందే నర్సు ఫోన్ చేయాలి. డాక్టరుకు గుర్తుండటం, ఓపిక ఉండటం అన్న ప్రశ్నలే లేకుండా చేశారు. మన 'ఇంటికి తీసుకపోతం' మెట్టు దగ్గర జారిపోయేది వాళ్ల దగ్గర ఇట్లా ఆగింది.

అడగడం కూడా ఒక పనే

మిగిలిన సగం పని కుటుంబంతో మాట్లాడటం. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లు ఎక్కువ, కానీ దానం అవునో కాదో తేలేది ఈ గదిలోనే.

చావు కబురు, దానం అడగడం రెండూ ఒకే నోటి నుంచి ఒకే వాక్యంలో రాకూడదు అన్నది ఇందులో మొదటి పద్ధతి. డాక్టరు మరణం గురించి చెబుతాడు. కుటుంబం అది అర్థం చేసుకునే దాకా ఆగుతారు. ఆ తర్వాత శిక్షణ ఉన్న కోఆర్డినేటర్ వచ్చి దానం మాట ఎత్తుతాడు. వరస తప్పితే, అంటే మరణం లోపలికి దిగకముందే దానం మాట వస్తే, "ఇంకా ప్రాణముండగనే కోస్తరా" అని గొడవ మొదలవుతుంది, దాని తర్వాత ఎంత నచ్చజెప్పినా లాభం ఉండదు.

ఎందుకంటే బ్రెయిన్‌డెత్ కంటికి చావులా కనిపించదు. తల్లి చెయ్యి పట్టుకుంటుంది, వెచ్చగా ఉంటుంది. మానిటర్ మీద గీత ఎగురుతూనే ఉంటుంది, ఛాతీ పైకీ కిందికీ ఆడుతుంది, మూత్రం సంచి నిండుతుంది. "చెయ్యి వెచ్చగున్నది గద సార్, సచ్చిపోయిండు అంటరేంది?" అన్నది మూర్ఖత్వం కాదు, సరైన ప్రశ్నే. జవాబు చూపించాల్సిందే తప్ప చెబితే సరిపోదు. మంచి కోఆర్డినేటర్లు కుటుంబంలో ఒకరిద్దరిని లోపలికి తీసుకుపోయి పరీక్ష ఎట్లా చేస్తారో వివరిస్తారు. కళ్లలో టార్చి వేస్తే కంటిపాప కదలదు. చెవిలో చల్లని నీళ్లు పోస్తే కనుగుడ్లు కదలవు. గొంతులో గొట్టం కదిపితే దగ్గు రాదు. చివరిది ఆప్నియా టెస్ట్: ఆక్సిజన్ అందిస్తూనే వెంటిలేటర్‌ను విడదీసి ఛాతీ కదులుతుందా అని చూస్తారు, రక్తంలో కార్బన్‌డయాక్సైడ్ ఒత్తిడి 60 ఎంఎం దాటినా ఒక్క ఊపిరి కూడా సొంతంగా రాకపోతే మెదడు కింది భాగం పూర్తిగా పోయిందని అర్థం. కోమాలో ఉన్న మనిషికి ఇట్లా ఉండదు, కోమా నుంచి లేచినవాళ్లున్నారు, దీని నుంచి లేచినవాళ్లు లేరు. మన దగ్గర ఈ పరీక్షలన్నీ కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు చేయాలి. సంతకం చేసే నలుగురు డాక్టర్లలో అవయవ మార్పిడి టీమ్‌వాళ్లు ఒక్కరూ ఉండకూడదు.

గదిలో ఇంకా ఏం జరుగుతుందంటే, నిర్ణయం తీసుకునేది కాగితం మీద భార్యో కొడుకో, అసలు మాట మాత్రం ఊరి నుంచి తుఫాన్ బండి మాట్లాడుకుని వచ్చిన పెద్దబాపుదో మేనమామదో అయి ఉంటుంది. అవయవాలు ఇస్తే వచ్చే జన్మలో అవి లేకుండా పుడతాడేమో అంటాడు ఒకరు. ముఖం పాడైతదా, చూడటానికి వచ్చినవాళ్లు ఏమంటరు అని ఇంకొకరు. పోస్టుమార్టం ఎట్లాగూ అయ్యేదే, మళ్లీ ఇదొకటా అని మూడో ఆయన. యాక్సిడెంట్ కేసు కాబట్టి పోలీసు పంచనామా, పోస్టుమార్టం తప్పవు, అది ఎప్పటికి అవుతుంది, చీకటి పడకముందు ఊరు చేరతామా అన్నది చాలా ఇళ్లలో మోక్షం కంటే పెద్ద ప్రశ్న. కోఆర్డినేటర్ చేయాల్సింది ఇందులో ప్రతి ముడినీ విప్పడం: స్టేషన్‌కు ఫోన్ చేసి ఎస్సైని రప్పించడం, ఫోరెన్సిక్ డాక్టరుతో మాట్లాడటం, కుట్లు బట్టల కింద కనపడవని చెప్పడం, దానానికి ఒప్పుకున్నప్పటి నుంచి దేహాన్ని కాపాడే ఖర్చు కుటుంబం మీద పడదని నిబంధనల్లోనే ఉందని చెప్పడం. ఈ చివరి మాట ముందే చెప్పకపోతే, బిల్లు మాఫీ కోసం ఒప్పుకున్నారని ఊళ్లో పేరు పడుతుంది, ఆ పేరు పదేళ్లు పోదు.

కార్డు నింపి పెట్టుకున్నవాళ్ల సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ప్రతిజ్ఞ చేసే వీలు 2023 నుంచి ఉంది, మంచిదే. కానీ ఆ రోజు ఇంట్లోవాళ్లు కాదంటే మన దగ్గర ఎవరూ ముందుకు పోరు. ప్రతిజ్ఞ చేసిన సంగతి ఇంట్లో చెప్పనివాళ్లకు ఆ కార్డు పర్సులో కాగితమే.

లెక్క ఎవరు రాస్తారు అన్నది చిన్న విషయం కాదు

అమెరికా సంస్థల్లో ఒక పెద్ద లోపం చాలా ఏళ్లు దాగి ఉంది. 'దానానికి అర్హమైన మరణాలు ఎన్ని' అన్న అంకెను సంస్థలే రాసుకునేవి. వందలో ఎన్ని దానాలు తెచ్చారన్నది ఆ అంకెతో భాగిస్తే వస్తుంది కదా, కింది అంకె తగ్గించుకుంటే మార్కులు వాటంతట అవే పెరుగుతాయి. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు. 2020 చివర్లో నిబంధన మార్చి, మరణ ధ్రువపత్రాల నుంచి వచ్చే లెక్కతోనే కొలుస్తామన్నారు. పనితీరును బట్టి మూడు శ్రేణులు, అట్టడుగున ఉన్న సంస్థకు గుర్తింపు పోయి ఆ ప్రాంతం వేరేవాళ్లకు పోయే ప్రమాదం. 2023లో అక్కడ చనిపోయాక దానం చేసినవాళ్లు 16 వేలు దాటారు.

ఒత్తిడికి ఇంకో ముఖం కూడా ఉంది. 2025లో కెంటకీ ప్రాంతంలోని సంస్థ మీద ఫెడరల్ ప్రభుత్వం విచారణ చేసి, దానానికి అనుమతి తీసుకున్నాక మధ్యలో ఆగిపోయిన 351 కేసులు చూసి, 103 కేసుల్లో ఆందోళన కలిగించే అంశాలున్నాయని చెప్పింది, కొందరు పేషెంట్లలో స్పృహ లక్షణాలు కనిపించాయన్న విషయంతో సహా. అవి బ్రెయిన్‌డెత్ కేసులు కావు, వెంటిలేటర్ తీసి గుండె ఆగాక అవయవాలు తీసుకునే ఇంకో పద్ధతివి, మన దగ్గర అది చాలా అరుదు. అయినా జనం ఆ తేడా చూస్తారా? వార్త వచ్చాక అక్కడ దాతల జాబితా నుంచి పేర్లు తీసేయించుకున్నవాళ్లు ఒక్కసారిగా పెరిగారు. అంకె పెంచమని నెట్టేటప్పుడు, మరణం నిర్ధారించే చేతిని ఆ ఒత్తిడి తాకకుండా చూడకపోతే అయ్యే నష్టం అది.

స్పెయిన్‌ది వేరే దారి

స్పెయిన్ పేరు చెప్పగానే 'అక్కడ కాదని రాసివ్వకపోతే ఒప్పుకున్నట్టే' అన్న చట్టాన్ని చూపిస్తారు. ఆ చట్టం 1979 నాటిది. పదేళ్లు అయినా పెద్దగా ఏమీ మారలేదు, 1989లో పది లక్షల జనాభాకు 14 మంది దాతలే. ఆ ఏడాది జాతీయ సంస్థ పెట్టి, రఫాయెల్ మతేసాన్స్ అనే కిడ్నీ డాక్టరు చేతికిచ్చి, ప్రతి పెద్ద ఆసుపత్రిలో ఐసీయూ డాక్టరునే పార్ట్‌టైమ్ కోఆర్డినేటర్‌గా నియమించారు. పదేళ్లలో ఆ అంకె 30 దాటింది, ఇప్పుడు 48 కన్నా పైన ఉంది. చట్టం ఏమన్నా కుటుంబాన్ని అడగకుండా తీసుకోరు, అడిగితే వందలో దాదాపు 80 కుటుంబాలు సరే అంటాయి. అమెరికా బయటి మనిషిని తెచ్చింది, స్పెయిన్ లోపలి మనిషికే ఆ పని అప్పగించింది. రెండు చోట్లా పనిచేసింది. కాబట్టి బయటా లోపలా అన్నదానికన్నా, ఐసీయూలో 'ఇది నా పని' అనే మనిషి ఒకరు ఉన్నారా అన్నదే తేడా తెచ్చినట్టు కనిపిస్తుంది.

జీవన్‌దాన్ ఈ రెంటికీ మధ్యలో

మన రాష్ట్రంలో పంజాగుట్ట నిమ్స్ నుంచి నడిచే జీవన్‌దాన్ ఉమ్మడి రాష్ట్రంలోనే మొదలై 2013 నుంచి దానాలు నమోదు చేస్తోంది. వెయిటింగ్ లిస్టు దాని దగ్గర ఉంటుంది. దాత ఉన్న ఆసుపత్రికి కొంత వాటా పోగా మిగతావి జనరల్ పూల్‌లోకి, అంటే అన్ని ఆసుపత్రుల ఉమ్మడి జాబితాకు, అక్కడి నుంచి బ్లడ్ గ్రూపు, వరస నంబరు, జబ్బు తీవ్రత చూసి పంచుతారు. మొదటి ఏడాది దాతలు యాభై లోపే. 2022కు 194, జాతీయ సంస్థ నోటో లెక్క ప్రకారం 2023లో 252, ఆ ఏడాది దేశంలో అన్ని రాష్ట్రాల కన్నా ఎక్కువ. 2024లో 188కి తగ్గింది, తమిళనాడు 268తో ముందుకు పోయింది. ఒక్క ఏడాదిలో తెలంగాణ జనం మనసులు మారిపోయి ఉంటాయని ఎవరూ అనరు. ఇంత పెద్ద ఎత్తుపల్లాలు కనిపిస్తున్నాయంటే చూడాల్సింది ఆసుపత్రుల్లో ఎంతమందికి పరీక్ష జరిగింది, ఎంతమందిని అడిగారు అన్న చోటే.

దేశం మొత్తం మీద పది లక్షలకు ఒక్కరు కూడా లేని చోట 2023లో తెలంగాణ ఆరు చేరడం తక్కువేమీ కాదు. కానీ అమెరికా సంస్థతో పోలిస్తే జీవన్‌దాన్‌కు ఒక తేడా ఉంది. అక్కడ కుటుంబంతో కూర్చునే మనిషి జీతం సంస్థ ఇస్తుంది. ఇక్కడ కోఆర్డినేటర్ ఎక్కువగా ఆ ఆసుపత్రి ఉద్యోగే. కార్పొరేట్ ఆసుపత్రికి మార్పిడి విభాగం ఉంటే కోఆర్డినేటర్లు ఉంటారు, కాబట్టి ప్రకటనలూ అక్కడే ఎక్కువ. ప్రభుత్వ ఆసుపత్రుల్లో తలకు దెబ్బ తగిలి చనిపోయేవాళ్లు తక్కువేం కాదు, దానాలు మాత్రం తక్కువ. దీని వల్ల ఇంకో చిక్కు: ఇచ్చేది పల్లెటూరి పేద కుటుంబం, పొందేది ఖర్చు పెట్టుకోగలిగినవాళ్లు అన్న మాట పుడుతుంది. నిమ్స్, ఉస్మానియాలో ఆరోగ్యశ్రీ కింద జరిగే కిడ్నీ మార్పిడులు ఆ మాటకు కొంత జవాబు, పూర్తి జవాబు కాదు.

నల్లగొండ పేరు మీద పడ్డ మచ్చ

ఈ ప్రాంతంలో అవయవం అన్న మాటకే అనుమానం రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2016 మొదట్లో నల్లగొండ పోలీసులు ఒక కిడ్నీ రాకెట్ బయటపెట్టారు. అవసరంలో ఉన్నవాళ్లను ఆన్‌లైన్‌లో పట్టి, శ్రీలంక తీసుకుపోయి కిడ్నీలు తీయించిన వ్యవహారం అది. 2025 జనవరిలో సరూర్‌నగర్‌లో ఒక ఆసుపత్రిలో అక్రమంగా కిడ్నీ మార్పిడులు చేస్తున్న సంగతి బయటపడింది. ఈ రెండూ బతికున్నవాళ్ల కిడ్నీల దందా, చనిపోయినవాళ్ల దానానికీ వీటికీ సంబంధం లేదు. ఊళ్లో కూర్చుని వినేవాళ్లకు మాత్రం రెండూ ఒకే గంపలో పడతాయి.

అసలు సంబంధం తలకిందులుగా ఉంది. దేశంలో జరిగే మార్పిడుల్లో నూటికి 80కి పైగా బతికున్నవాళ్లు ఇచ్చినవే, అందులోనూ ఇచ్చేది ఎక్కువగా తల్లులు, భార్యలు. చనిపోయినవాళ్ల నుంచి వచ్చే కిడ్నీలు తక్కువైన కొద్దీ డయాలసిస్ కుర్చీలో ఏళ్ల తరబడి ఎదురుచూసేవాడి దగ్గరికి దళారీ వస్తాడు. జీవన్‌దాన్ లాంటి సంస్థ పని పెరిగితే దళారీ గిరాకీ తగ్గుతుంది.

జిల్లాల్లో ఏం మారొచ్చు

2025 మార్చిలో శాసనసభ 2011 నాటి కేంద్ర సవరణ చట్టాన్ని స్వీకరిస్తూ తీర్మానం చేసింది. అప్పటిదాకా ఇక్కడ నడిచింది 1995 నాటి రాష్ట్ర చట్టం. వార్తల్లో ఎక్కువగా వచ్చింది శిక్షల గురించి: పదేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. తాత, నానమ్మ, అమ్మమ్మ, మనవలు కూడా దగ్గరి బంధువుల జాబితాలోకి వచ్చారు. దక్షిణ తెలంగాణకు అంతకన్నా పనికొచ్చేవి ఇంకో రెండున్నాయి. మార్పిడి చేయని ఆసుపత్రి కూడా నమోదు చేసుకుంటే అవయవాలు సేకరించే కేంద్రం కావచ్చు. నమోదైన ఆసుపత్రిలో కోఆర్డినేటర్ తప్పనిసరి, ఐసీయూలో వీలున్న ప్రతి కేసులో కుటుంబాన్ని అడగడం కూడా తప్పనిసరి.

మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. నల్లగొండ నుంచి గానీ పాలమూరు నుంచి గానీ సిటీకి వంద కిలోమీటర్లు అటూఇటూ, రోడ్డు మీద రెండు గంటలు. తీసిన గుండెకు నాలుగు నుంచి ఆరు గంటలు, కాలేయానికి ఎనిమిది నుంచి పన్నెండు, కిడ్నీకి ఒక రోజు పైన గడువు ఉంటుంది. సేకరించే టీమ్ హైదరాబాద్ నుంచి వస్తుంది, ఆపరేషన్ థియేటర్ ఇక్కడిది వాడుకుంటుంది. పెద్దబాపు సిటీకి బండి మాట్లాడుకోనక్కర్లేదు, పోస్టుమార్టం కూడా ఇక్కడే అవుతుంది. దూరం ఇందులో పెద్ద అడ్డం కాదు.

అడ్డం ఎక్కడంటే, ఆ నలుగురి సంతకాల్లో ఒకటి న్యూరాలజిస్టుదో న్యూరోసర్జన్‌దో అయి ఉండాలి, జిల్లా ఆసుపత్రిలో వాళ్లు దొరకడం కష్టం. 2011 సవరణ దీన్ని కూడా చూసింది: వాళ్లు లేనిచోట సర్జన్ లేదా ఫిజీషియన్, మత్తు డాక్టరు లేదా ఐసీయూ నిపుణుడు ఆ సంతకం పెట్టొచ్చు, మార్పిడి టీమ్‌కు చెందినవాళ్లు కాకపోతే చాలు. మెడికల్ కాలేజీల్లో ఈ విభాగాలన్నీ ఉన్నాయి. అర్ధరాత్రి ఐసీయూలో డ్యూటీలో ఉన్న నర్సు ఎవరికి ఫోన్ చేయాలి అన్న ఒక్క నంబరు, ఆ ఫోన్ ఎత్తడం తన పనిగా జీతం తీసుకునే ఒక్క మనిషి, ఈ రెండూ జిల్లా ఐసీయూ గోడ మీది బోర్డులో ఇంకా రాయాల్సి ఉంది.